సంగటి తెడ్డు

తిరుపతి, 1978 జనవరి, ఆదివారం రాత్రి

కడుపుమంట చల్లారింది. నిద్ర మాత్రం రావడం లేదు.

నిరుడు ఆరో తరగతికి పడవ బొమ్మ చూపిస్తూ, వెనక ఉండే చుక్కానిని తెడ్డు అనేశాను. పలమనేరులో పుట్టినదాన్ని, పడవ ఎక్కడ చూశాను? మా ఇంట్లో తెడ్డంటే సంగటి కెలికేది. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన రాఘవరావు మాస్టారు అది విన్నాడు. ఏడాది పొడుగునా పిల్లల ముందే నన్ను "సంగటి తెడ్డు టీచరు గారూ" అని పిలిచాడు.

ఈ రోజు పిల్లల్ని పులికాట్ సరస్సుకి తీసుకెళ్లాం. పడవలో పాఠమంతా ఆయనదే. ఇది స్తంభం, ఇది తెరచాప, ఇది లంగరు. ఇంతలో గాలి మళ్లింది. "సారూ, సాప కొస తాడు వదులు!" అని పడవాయన కేకేశాడు. మాస్టారు అది కాకుండా స్తంభానికి కట్టిన తాడు విప్పబోయాడు. చాపను పైన నిలబెట్టేది ఆ తాడే. వేసవంతా పుస్తకం చూసి నేర్చుకున్నదాన్ని, నాకు తెలుసు. నోరు విప్పలేదు.

చాప మొత్తం ఆయన నెత్తిన కూలింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఇక తెడ్లు వేయాల్సిందే అన్నాడు పడవాయన. మాస్టారు చాప కిందనుంచి చెయ్యి చాచి, "టీచరు గారూ, ఆ తెడ్డు ఇలా ఇవ్వండి" అన్నాడు.

"యా తెడ్డు సార్? సంగటి తెడ్డేనా?" అన్నాను.

అక్కడ నీళ్లు నడుం లోతే. ఇంకా లోతుంటే మాత్రం నోరు విప్పేదాన్నా? పడవలో పన్నెండుమంది పిల్లలు...

రేపు స్టాఫ్ రూముకి మాస్టారి కోసం సంగటి తీసుకెళ్తాను. తెడ్డుతో సహా.