కోమలికి చెందవలసిన తంబజాలారి మొక్క

వడమాలపేటలో కాపురముంటూ, కీర్తిశేషులు వరదయ్య భార్యను, బడిలో సైన్సు చెప్పి రిటైరైన పంకజాక్షి అనే నేను, మతి స్థిరంగా ఉండగా, ఎవురి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. మోకాళ్లు పోయినాయి గానీ మతి పోలేదు.

1. నా స్వార్జితమైన ఇల్లు, బ్యాంకులోని సొమ్ము నా కొడుకు భానుచందర్‌కు సర్వహక్కులతో చెందవలెను. నాయుడుపేటలో ఫ్యాక్టరీ పని వదిలి వాడు ఈడికి రాడు, అమ్ముకున్నా నాకు బాధ లేదు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా వాడిదే.

2. నా తమ్ముడు జయరావుకు ఏమీ ఇవ్వడం లేదు. కొండవార చేనిగట్టున నాయన కాలం నుంచీ ఉన్న తంబజాలారి చెట్టును, నేను కంటి ఆపరేషనుకు చిత్తూరు పోయిన వారంలో, గుడి ధ్వజస్తంభానికని కొట్టించినాడు. ఇప్పుడు దానికి ఇత్తడి తొడుగేసి పూజ చేస్తా ఉండారు. నేనూ మొక్కుతాను, ఏం చేసేది. ఆ జాతి చెట్టు ఇంకొకటి దొరుకుతుందేమోనని, మోకాళ్లు పోయేదాకా ఈ చుట్టుపక్కల కొండలన్నీ తిరిగినాను. దొరకలేదు.

3. గింజలు ఎవురికీ రాసివ్వలేను. రాలిన కొన్నాళ్లలోనే మట్టిలో పడకపోతే ఆ గింజ చచ్చిపోతుంది. చిత్తూరు పోయే ముందు, వచ్చి నాటుదామని, బుట్టెడు గింజలు తడిగోనెలో చుట్టి జయరావు భార్య కోమలికి అప్పజెప్పినాను. భద్రం అని చెప్పినాను. పాపం, ఆమె వాటిని అనపగింజల మాదిరి మిద్దెమీద ఎండబెట్టి, బూడిద కలిపి, కుండలో పోసి మూతేసి పెట్టింది. అన్నీ నాటినాను, ఒక్కటీ మొలవలేదు. ఆమెను ఏమనేది? మా అమ్మయినా అదే చేసుండేది.

4. మిద్దెమీదికి మోసేటప్పుడు జారి, నీళ్లతొట్టి పక్కన తడిమట్టిలో పడిన గింజ ఒకటి మొలిచింది. కుండీలోకి మార్చినాను. మోకాలెత్తు ఉండాది, ఆకులు పండుబారతా ఉండాయి. ఆ మొక్క కుండీతో సహా కోమలికే చెందవలెను. చెట్టు కొట్టినపొద్దు ఆ ఇంట్లో కూడు ముట్టనిది ఆమె ఒక్కతే. నాకంటే ముందే మొక్క పోతే ఉత్త కుండీ అయినా ఆమెకే ఇవ్వవలెను, మట్టి పారబోయకుండా.

కోమలమ్మా, దీని పువ్వు నేను చూడను, నువ్వూ చూడవు. తల్లిచెట్టు లేదు, తోడుచెట్టు లేదు. బతుకుతుందనే ఆశ నాకు లేదు. ఎండ తగలనీ, వానకు తడవనీ, భద్రంగా మాత్రం దాచిపెట్టబాకు. ఎండిపోయిందని తోచినా వెంటనే పెరికెయ్యబాకు. ఇంకో వానాకాలం దాకా నీళ్లు పోస్తా ఉండు.

తేదీ: 14 జూలై 2025, వడమాలపేట
సంతకం: పంకజాక్షి

సాక్షులు:
1. దేవకమ్మ, పక్కింటామె (వేలిముద్ర)
2. మునివెంకటప్ప, చేనుపక్క రైతు