పాలమూరు వాచికి పాలిష్ పెట్టనియ్యలె

మామా,

దండాలు. నువ్వు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయింది, చుట్టాలు తిని పోయిండ్రు. ఇయ్యాల ఇంట్ల ఎవ్వలు లేరు. జరసేపు నీతోని మాట్లాడుదామని కూసున్న.

ఆలేర్ల మన బట్టల దుకాణం నడుస్తాంది. గల్లా కాడ నీ చిన్న కొడుకు, మా ఆయన, కూసుంటున్నడు. అత్తమ్మ మోకాళ్లు ఎప్పటి లెక్కనే... నీ వాచీలు మంచిగున్నయ్. నువ్వు ముందుగల అడిగేది గదే కదా?

కొత్తల బీరువ తెరువబుద్ధి కాలె. ఒకనాడు ధైర్యం చేసి తీస్తె, అన్నీ ఆగిపోయి ఉన్నయ్ మామా. ఒక్కొక్కటి ఒక్కో టైం కాడ. నీ చేతులు వణుకవట్టినప్పటి సంది కీ ఇచ్చుడు నా పనే కదా... చెవి కాడ పెట్టుకుంట ఒక్కోదానికి ఇచ్చుకుంట పోయిన. అర్ర నిండ సప్పుడు లేచింది. అప్పుడు ఏడ్పొచ్చింది. అప్పటిదాంక రాలె.

చీరెల కోసం నువ్వు పోచంపల్లి, గద్వాల తిరుగుతుంటె, మూటల ఈసారి ఏ పాత స్విస్ వాచి దాచి తెస్తవో అని అత్తమ్మ ఫికర్. పెద్దిండ్లల్ల మూలకు పడ్డ వాచీల జాడ నీకు ఎవలు చెప్పెటోళ్లు? తళతళ మెరిసేదాన్ని ముట్టకపోదువు. ముల్లులు దానివే ఉండాలె, డయల్ మీద పాత మరక ఉండాలె, బంగారు అంచు అరిగి ఉండాలె. "ఎట్ల ముసలిదైందో గట్లనే కావాలె నాకు. రంగులేసిన ముసలమ్మతోని నాకేం పనే?" అని నవ్వెటోనివి. నేను గూడ నవ్వేదాన్ని. గా మాట మీద ఇంత కొట్లాట అయితదని ఎవలికెరుక...

నీ పెద్ద కొడుకు, మా బావ, పట్నం నుంచి వచ్చిండు. కొడుకు పెండ్లి కుదిరింది. పెండ్లిల తాత వాచి పెట్టుకోవాలె అన్నడు. మంచి మాటనే, పెట్టుకోనియ్ అన్న. కని ఏది అడిగిండో తెల్సా? పాలమూరు వాచి. పాలమూర్ల డాక్టర్ సాబ్ సచ్చిపోయినంక ఆయన బేగం నీ చేతుల పెట్టింది సూడు, గది. వెనుక మూత మీద ఉర్దూల ఆయన పేరు చెక్కి ఉంటది. పేరు చెరుపనని నువ్వు గా తల్లికి మాటిచ్చినవ్.

డయల్ పసుపువడ్డది, గిట్లనే పెట్టుకుంటె ఇజ్జత్ పోతది అన్నడు బావ. కొత్త రంగు ఏపిస్తడట. పాలిష్ కొట్టిస్తడట. ఎవలిదో పేరు మనకెందుకు, గది గూడ తీసేపిస్తడట.

వద్దన్న. నువ్వు కోడలివి, మా నాయిన వాచీల మీద నీకేం హక్కు అన్నడు. అందరి ముంగట.

తల దించుకోలె మామా. మామ మంచంల ఉన్నప్పుడు ఇవి ఆగకుండ చూసినదాన్ని, ఇంతకంటె ఏం హక్కు కావాలె అన్న.

రెండు దినాలు మా అమ్మగారింటికి పోయొచ్చేసరికి బీరువల గా వాచి లేదు. తాళంచెవి ఇచ్చింది ఎవలు? నీ చిన్న కొడుకే. అన్న అడిగిండు, కాదనలేకపోయిన అన్నడు. కాదనుడు ఆయనకు ఎన్నడొచ్చింది చెప్పు? కని వాచి ఏ దుకాణంల ఇచ్చిండో అడిగితె మాత్రం దాయలె. తెల్లారి రైలెక్కిన.

సికింద్రాబాద్ల దిగి, అడుక్కుంట అడుక్కుంట గా దుకాణం పట్టిన. చూస్తె, వాచిని ఊడదీసి పళ్లెంల పెట్టిండ్రు. డయల్ ఒకదిక్కు, ముల్లులు ఒకదిక్కు. వెనుక మూత పాలిష్ మిషన్ పక్కన. పేరు ఇంక ఉంది! గబుక్కున తీసి పిడికిట్ల పెట్టుకున్న.

ఇచ్చినాయన వచ్చి చెప్తెనే ఇస్తనన్నడు దుకాణపాయన. సరే అని గిరాకి కూసునే స్టూలు మీద కూసున్న. వచ్చినోళ్లందరికి చెప్పిన... జర ఆగుండ్రి, ముందు నా వాచి నాకు రావాలె. నీ మాట గుర్తుందా, "చెక్కిన పేరు చెరిపితె మనిషిని రెండోసారి బొందవెట్టినట్టు"? గదే గట్టిగ చెప్పిన. ఆయన బావకు ఫోన్ కలిపిండు. బావ అరిచిండు. నువ్వే వచ్చి నన్ను ఈడికెల్లి లేపు, లేకుంటె వాచి ఇయ్యమను అన్న.

ఆఖరికి దుకాణపాయననే యాష్టకొచ్చి, ఎట్లుండెనో అట్ల బిగించి ఇచ్చిండు. పసుపు డయల్ అదే. ముల్లులు అవే. పట్టా తగిలించే కాడ ఒక మూల మాత్రం అప్పటికే పాలిష్ పట్టిండు మామా. గది ఆపలేకపోయిన. కొత్త బంగారం లెక్క మెరుస్తాంది. చూసినప్పుడల్ల ఒళ్లు మండుతది...

ఆదివారం బావ కొట్లాటకొచ్చిండు. నేను నోరు తెరువకముందే అత్తమ్మ లేచింది. మీ నాయిన బతికినన్ని దినాలు ఈ వాచీలు నాకు సవతులు, అయినా నా సవతుల మొఖం మార్చెటందుకు నువ్వెవనివిరా అన్నది! నువ్వు వినాలె మామా. నవ్వి నవ్వి దగ్గొస్తుండె నీకు.

పెండ్లికి నన్ను రావద్దన్నడు బావ. పోయిన. పోచంపల్లి చీరె కట్టుకోని, గాజుల మీదికెల్లి పాలమూరు వాచి పెట్టుకోని పోయిన. మొగోళ్ల వాచి, వదులుగ జారుతాంది. ఆడోళ్లు చూసి మూతులు తిప్పిండ్రు. అక్షింతలు ఏస్తుంటె పెండ్లిపిల్లగాడు నా చెయ్యి పట్టుకున్నడు, చూపియ్ చిన్నమ్మా అన్నడు. విప్పి ఇచ్చిన. వెనుకకు తిప్పి, ఎవలి పేరిది అని అడిగిండు. పీటల కాడనే చెప్పిన, పాలమూర్ల డాక్టర్ సాబ్ అని, మీ తాత ఇచ్చిన మాట అని. పిల్లగాడు విన్నడు. బావ అటు తిరిగి నిలవడ్డడు. ఇయ్యాల్టిదాంక మాట్లాడుతలేడు. మాట్లాడకపోనియ్.

ఇంకో ముచ్చట. పోయిన నెల జడ్చర్లకు పోయి నా సొంతంగ ఒక వాచి కొన్న! ఒక పాతింట్ల ముందుగల ఒకటి చూపెట్టిండ్రు, నున్నగ మెరుస్తాంది. డయల్ దీనిది కాదని ఎనుకకిచ్చిన. ఇగ ఇదొక్కటే ఉందమ్మా అని గా ఇంటామె లోపల్నుంచి పట్టా తెగిన పాత వాచి తెచ్చింది, బాగలేదని సిగ్గువడుకుంట. నాకు గదే కావాల్నని ఆమెకేం తెలుసు?

కని మామా, ఒక్క దాంట్ల నీ మాట గూడ విన. దెబ్బ తాకుతదని, చెమట తాకుతదని నువ్వు అన్నిట్ని బీరువల పెట్టి తాళమేసినవ్. నేను ఎయ్య. రోజుకొకటి పెట్టుకుంట. దుకాణానికి, అంగడికి, బస్సుల... ఎవలో పెట్టుకోని తిరిగిండ్రు కాబట్టే గదా వాటి మీద నువ్వు మనసువడ్డ మరకలు వచ్చినయ్? ఇగ నా చేతి మరకలు గూడ పడనియ్.

కోపమొచ్చిందా? రా మరి. ఎదురుంగ కూసోని కొట్లాడుదాం.

నీ చిన్న కోడలు,
సుజాత