పేలకూడని తుపాకీ

ఖోర్ ఫక్కాన్

అల్లుడు యాసీన్‌కు మామ మీరా హుస్సేన్ సలాం చెప్పి రాసేది. ఫోన్లో తుపాకీ మాటెందుకని ఉత్తరం రాసి, దుబాయ్‌కి సరుకు తోలే భీమయ్య వ్యాన్‌లో పంపుతున్నా. నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్ ముసలాయన ఇంట్లో గోడకు వాళ్ల తాత తుపాకీ ఉంది, మందు దట్టించి పేల్చే రకం. లైసెన్సు లేకపోతే పట్టుకుపోతారని ఎవరో భయపెట్టారు. ముసలాయన అన్నం మానేశాడు. టైపింగ్ సెంటర్లో ఉన్నావు, కాయితాల సంగతి నీకు తెలుసు. ఏం చేయాలో రాయి.
మీ మామ

తా.క.: తుపాకీ వయసులో కఫీల్ కంటే పెద్దది. దానికీ ఎమిరేట్స్ ఐడీ ఉండాలా?

బర్ దుబాయ్

మామకు సలాం. అడిగి కనుక్కున్నా. తుపాకీ పాతకాలందైతే మామూలు లైసెన్సు అక్కర్లేదంట. దరఖాస్తు వేశాను. ఆఫీసరొచ్చి చూసి కాయితమిస్తాడు. అప్పటికి తుపాకీని సిద్ధంగా ఉంచు.
నీ యాసీన్

తా.క.: ఐడీ వద్దు.

ఖోర్ ఫక్కాన్

అల్లుడికి సలాం. సిద్ధం చేయమన్నావు, చేశాను. బోటు ఇంజన్లు బాగుచేసే చేతికి ఇదొక లెక్కా? తుప్పు గీకి, కొత్త స్ప్రింగు వేశా. కఫీల్ మళ్లీ అన్నం తింటున్నాడు. ఆఫీసరు ముందు పేల్చి చూపిస్తా.
మీ మామ

తా.క.: వార్నిషు కూడా పూశా. ఇంక దాన్ని పాతదని ఎవడూ అనలేడు.

బర్ దుబాయ్

మామా, కొంప ముంచావు. పాతదైతే చాలదు, పేలకూడదు కూడా. బాగుచేసినా పేలనిదై ఉండాలంట. పేలిందంటే కఫీల్‌తోపాటు నువ్వూ లోపలికే. వెంటనే పాడుచెయ్యి. వద్దు, అదీ తప్పేమో. అసలు ముట్టుకోకు.
యాసీన్

తా.క.: దరఖాస్తులో 'తుప్పు పట్టినది' అని టైపు చేసింది నేనే.

ఖోర్ ఫక్కాన్

అల్లుడికి సలాం. ఖలాస్, అయిపోయింది. భీమయ్య వ్యాన్ దారిలో చెడిపోయి, నీ ఉత్తరం కంటే ఆఫీసరే ముందొచ్చాడు. "నేనే బాగుచేశా సార్" అని తుపాకీ చేతికిచ్చా. ఆయన మొహం మారింది. కఫీల్ నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఆఫీసరు వెంట తుపాకులు తెలిసినాయన వచ్చున్నాడు. ఆయన విప్పి చూసి, "ఈ చిల్లు ఎవరు మూసింది?" అన్నాడు. గొట్టం పక్కన చిన్న చిల్లుంటే తుప్పు తినేసిందనుకుని వెల్డింగు చేశానులే. మందుకు నిప్పు పోయే దారి అదేనంట. ఆ వేడికి గొట్టం కూడా నిలువునా చీలిందంట. 'ఇంక ఎవరు బాగుచేసినా పేలదు' అని రాసి సంతకం పెట్టి, తుపాకీ ఇంట్లోనే ఉంచుకోమన్నారు. కఫీల్ నన్ను కావిలించుకుని ఏడ్చాడు. నన్ను మెచ్చుకున్నారో, తిట్టారో నాకింకా అర్థం కాలా.
మీ మామ

తా.క.: పోతూ పోతూ ఆఫీసరు తన కారు చప్పుడు చేస్తోందన్నాడు. నేను లేచేలోగా కఫీల్ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.