నాలుగు కప్పులు, ఎనిమిది చుక్కలు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవెనలు. ఈ కొండమీద ఫోను పలకదు, అందుకే ఉత్తరం. నేను మేకలకి డాక్టర్ని, నువ్వు జీపులకి డాక్టరువి. నా జీపు స్టీరింగు పూర్తిగా తిప్పి ఎత్తు ఎక్కిస్తే ముందువైపు నుంచి ఒకటే టకటక. నెలాఖరులోగా పై ఊరికెళ్లి మూడొందల మేకలకి టీకాలు వెయ్యాలి. ఆలస్యమైతే పారుడు రోగం మందల్ని ఊడ్చేస్తుంది. మందు చెప్పు.

ఇట్లు, మామయ్య

తా.క.: చప్పుడు నా మోకాళ్లదని మీ అత్తయ్య వాదన. జీపు దిగి నడిచి చూశాను. అదీ ఉంది, ఇదీ ఉంది.

*

మామయ్యకి నమస్కారాలు.

ఆ చప్పుడు కప్పులదే. నాలుగూ చూడండి. లాకులు ఊడి బయటికి జారుతుంటాయి. కొత్త లాకులు వేయించండి. ఒక్క కప్పు బయటపడినా జీపు నడిదారిలో ఆగిపోతుంది.

మీ మేనల్లుడు

తా.క.: మోకాళ్లకి మా షెడ్డులో స్పేరు పార్టులు లేవని అత్తయ్యకి చెప్పండి.

*

ఒరేయ్ అల్లుడూ,

ఎంత బుర్రరా నీది! జీపు ముందు అరలో సరిగ్గా నాలుగే ఉన్నాయని అక్కడినుంచే ఎలా పసిగట్టావు? ఒక్కోదానికీ ఒక్కో లాకు వేశాను. చప్పుడు రెట్టింపైంది. ఇప్పుడేం చెయ్యను?

అయోమయంలో ఉన్న మామయ్య

తా.క.: కప్పులకి లాకులేసినప్పటి నుంచి మీ అత్తయ్య టీ పళ్లెంలో పోసిస్తోంది. నా తప్పేమిటో!

*

మామయ్యా, నమస్కారం.

లాకులు నిలవకపోతే వెల్డింగే గతి. కప్పుని చెవికి కలిపి రెండే రెండు చుక్కలు పెట్టించండి. ఎక్కువ వేడి తగిలితే లోపలి సూదులు పాడవుతాయి. సన్న సూదులవి. గ్రీజు పట్టించి, కప్పు లోపలి గోడ వెంట వరసగా నిలబెట్టాలి.

మీ మేనల్లుడు

తా.క.: అత్తయ్యకి కోపమొస్తే పళ్లెంలోనైనా ఇస్తారా? మా ఆవిడ అసలు టీయే ఇవ్వదు.

*

చిరంజీవికి,

శుభవార్త! మేకల సూదులన్నీ గ్రీజు రాసి కప్పుల్లో నిలబెట్టి, జీపు వేసుకుని వెల్డరు దగ్గరికెళ్లాను. స్టీలు కప్పుకి చెవి పుట్టుకతోనే అతికి ఉంటుంది కదా, అంటే ఒకదాని చెవికి ఇంకోదాని చెవి అన్నమాట అని నేనే ఊహించాను. వెల్డరు "నిజంగానేనా డాక్టరుగారూ?" అని మూడుసార్లు అడిగాడు. నీ ఉత్తరం చేతిలో పెట్టాను. చదివి, నన్నూ జీపునీ ఎగాదిగా చూసి, సాయంత్రం రమ్మన్నాడు. నాలుగు కప్పులకి పూటంతానా! కానీ ఏం పనితనం! చప్పుడు చచ్చిపోయింది. రేపే పై ఊరికి ప్రయాణం.

ఆనందంతో, మామయ్య

తా.క.: నిన్న మా పై అధికారి వచ్చారు. అతికిన కప్పుల్లోనే టీ ఇచ్చాం. ఆయన, ఆయన డ్రైవరు, మీ అత్తయ్య, నేను తలలు కలిపి ఒకేసారి వంచాం. గ్రీజు ఎంత కడిగినా వదల్లేదు. టీ భలే చిక్కగా ఉందని మెచ్చుకున్నారు.

*

అయ్యో మామయ్యా!

టీ కప్పులా!! నేను చెప్పింది జీపు ఇరుసులోవి! ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు వంగేచోట కూడిక గుర్తులాంటి ముక్క ఉంటుంది. దాని నాలుగు కొసలకీ చిన్న ఇనప కప్పులుంటాయి. వాటిని పట్టుకునే రంధ్రాల్ని మేం చెవులంటాం. ఆ కప్పులు ఊడితే ఆ ఎత్తుమీద మీరు ఏమైపోతారు! దయచేసి జీపు కదపకండి.

కంగారుతో, మీ మేనల్లుడు

తా.క.: సూదులు కూడా ఆ ఇనప కప్పుల్లోవే. ఇంకెవరికీ టీ ఇవ్వకండి.

*

నాయనా అల్లుడూ,

నీ ఉత్తరం అందేసరికి నేను పైకెళ్లి, మూడొందల మేకలకీ టీకాలేసి, దిగొచ్చేశాను. చదివాను. వెంటనే జీపు కిందికి దూరాను. నువ్వన్న ఇనప కప్పులన్నీ చెవులకి అతుక్కుని ఉన్నాయి, ఒక్కోదానికి రెండేసి చుక్కలు!

వెల్డరు దగ్గరికి పరిగెత్తాను.

"ఉత్తరం చదవగానే అర్థమైందండీ. ముందు జీపు పని చేసేశాను," అన్నాడు.

"మరి నా టీ కప్పులెందుకు అతికించావయ్యా?"

"మీరు అతికించమన్నారు కదండీ! అంత చదువుకున్నవారు, ఏదో కారణం ఉండే ఉంటుందనుకున్నాను."

చేతులెత్తి దణ్ణం పెట్టి వచ్చేశాను.

సిగ్గుతో, మామయ్య

తా.క.: ఇకమీదట నీ ఉత్తరాలు నేరుగా వెల్డరుకే రాయమని మీ అత్తయ్య చెప్పమంది. నాకేం చెయ్యాలో అతను చెబుతాడట.