ఈసారి నీ ఆకులో వడలు లేవు

మామా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇంట్లో అందరం బాగున్నామనే రాయాలని కూర్చున్నాను...

పోయిన నెల మన పెద్దోడికి రక్తపరీక్ష చేయించాను. ముప్పై నాలుగేళ్లకే రక్తంలో కొవ్వు ఎక్కువట, అచ్చం నీ పరీక్ష కాగితంలో ఉన్నట్టే. నీ ఓపిక రాలేదు కానీ వాడికి ఇది మాత్రం వచ్చింది.

బుధవారాలు వాడిని వెంటబెట్టుకుని పెన్నాగరం ఆసుపత్రికి పోతున్నాను. అక్కడ ఒకమ్మ ఏం తినాలో, ఎంత తినాలో తమిళంలో పాఠం చెబుతుంది. నెలకు ఎంత నూనె వాడతారని మొదటిరోజే అడిగింది. మేం అంగడి నూనె కొనమని, మా చేని వేరుశెనగలే గానుగ ఆడించుకుంటామని గొప్పగా చెప్పాను. ఆవిడ మెచ్చుకోలేదు. గానుగదైనా నూనె నూనేనట. మనిషికి రోజుకు నాలుగు చిన్న చెంచాలు చాలట.

గుర్తుందా, డాక్టరు నిన్ను నూనె తగ్గించమన్న రోజు? "ఆయప్ప చెప్పింది అంగడి నూనెను. మన శెనిక్కాయ నూనె మందు మాదిరి. బాగా పొయ్యి" అన్నావు. నేనూ నమ్మాను. ప్యాకెట్లు మానేసి, మనదే కదా అని సంగటి మీద కూడా గరిటెతో పోశాను. ప్రేమతోనే పోశాను మామా... పోసింది ఈ చెయ్యే కదా? నీ ప్రాణం తీసింది ఆ నూనేనా అని ఆవిడను అడగడానికి ధైర్యం చాలలేదు.

పెద్దోడు పాఠం వింటాడు, ఇంటికొచ్చి నీ మాటే చెబుతాడు. మా నాయన మందన్నాడు కదా అంటాడు. నేనెంత చెప్పినా నీ మాట ముందు నిలవదు.

రేపటి తిథికి హరూరు నుంచి మీ అక్క వచ్చింది. నీకిష్టమైన వడలు, బజ్జీలు ఆకు నిండా పెట్టాలంటుంది. నీకు పెట్టిన ఆకు తర్వాత కొడుకే తినాలి కదా... అందుకే ఒక పని చేస్తున్నాను. రాగిసంగటి, ఉలవచారు, చెంచా నూనెతో మునగాకు పెడతాను. కాకికి మాత్రం ఒక వడ. మీ అక్క పొద్దుటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

నా మాట కాదంటాడు కానీ, నీ ఆకులో ఉన్నది వాడు కాదనడు. ఈ ఒక్కసారి నువ్వే చెప్పినట్టు అవనీ.

కోపమొస్తే నా మీదే పడు. నీకు తిథి ఆకు వేస్తున్న ఈ చేత్తో వాడికీ తిథి ఆకు వేయను మామా. వేయను.

నీ రుక్కు