చాటింపు అక్కర లేని మాట

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దుగాల నీ పేరు మీద బువ్వ పెట్టి, అన్నతోని గ్రామసభకు పోయిన. సారా దుకాణం ఉండాల్నా, తీసెయ్యాల్నా ఊరోళ్ళే చెప్పాలెనన్నరు.

నువ్వు బతికినన్నాళ్ళు డప్పు కొట్టి, "ఇది ఊరందరి మాట" అని చాటితివి. ఆ మాట అనుకునే కాడ నిన్ను ఒక్కనాడన్న కూసుండవెట్టిన్రా? చాటినంక ఒక గిలాస సారా పోసెటోళ్ళు, గంతే. నేను కొట్లాడితే, "మనం చాటెటోళ్ళం బిడ్డా, చెప్పెటోళ్ళం కాదు" అని నవ్వుతుంటివి. నాకు ఇప్పటికీ కోపమే.

తీసెయ్యాలనేటోళ్ళు చెయ్యి లేపున్రి అన్నరు. మొగోళ్ళు చూస్తున్నరని ఆడోళ్ళంత తలలు వంచుకున్నరు. నాకూ భయమైంది. సిద్దిపేట దవాఖానల సారాతోని ఉబ్బిన నీ కాళ్ళు యాదికొచ్చినయి. చెయ్యి లేపిన. నా ఎనక ఒక్కొక్క చెయ్యే లేచింది. లెక్కవెట్టే పనే పడలే. దుకాణం తీసెయ్యాలనే రాసుకున్నరు.

సర్పంచి అన్నను పిలిచి, "పోయి ఊర్ల చాటు" అన్నడు.

అన్న నీ డప్పు చంకల ఇరికిచ్చుకొని నిలవడ్డడు. "ఎవరికి చాటాలె పటేలా? అందరు ఈడనే ఉన్నరు గదా."