చాకిరేవు బండైన సరిహద్దు రాయి

మంగళవారం, రాత్రి

మునిసిపాలిటీ పాత సరిహద్దు రాళ్లలో పొన్నూరు రోడ్డు వైపుది ఒక్కటే వారం రోజులుగా దొరకలేదు. ఇవాళ దొరికింది. హద్దు పక్కనే ఉండే సీతమ్మగారి పెరట్లో బోర్లా పడి, బట్టలుతికే బండగా ఉంది. సర్వేయరు కళ్లు కదా, పక్కన చెక్కిన గీత చూడగానే పోల్చుకున్నాను.

ఆవిడ బెదిరిపోయింది. "వరదకి కాలవలో పడుంటే మా అత్తగారు తెప్పించిందమ్మా. కాపురానికొచ్చిన కాణ్ణించీ దీనిమీదే ఉతుకుతున్నా. కేసు పెడతారా ఏంటి?"

"లేదండి పిన్నిగారూ. రాయిని మళ్లీ హద్దు మీద పాతాలి, అంతే."

ఆవిడ లోపలికెళ్లి కొబ్బరిపీచు, సబ్బు తెచ్చి తనే ఆ రాయిని తోమింది. తిరగేసి తోమితే అక్షరాలు తెల్లగా బయటపడ్డాయి. మావాళ్లు ఆటోలోకి ఎత్తుతుంటే చెంగుతో తడి తుడిచి, "మెల్లిగా నాయనా, ఆ మూల కాస్త పెళుసు" అంది. నాకు నవ్వొచ్చింది.

రిపోర్టులో 'కాలవ గట్టున దొరికింది' అని రాసి సంతకం పెట్టాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో తెలిసి రాసిన మొదటి అబద్ధం. ఎవరైనా వెళ్లి ఆవిణ్ణి అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. రేపు దిద్దాలా? దిద్దితే ఆవిడ మీదికి ఏమొస్తుందో...

రేపల్లెలో అన్నయ్యకి ఫోన్ చేశాను. అక్కడ మా పెరట్లో నాపరాయి ఒకటి ఊరికే పడి ఉంది. ఆదివారం వ్యానులో వేసుకొస్తానన్నాడు. ఎవరికని అడిగితే, "మా పిన్నిగారికి" అన్నాను.